మడ్ ఆటకు ఏ క్లయింట్? ఒక పాత పంచాయితీ

కాజీపేటలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "మామా, మడ్ ఆడుదామనుకుంటున్న. క్లయింట్ ఏది పెట్టుకోవాలె?" బొమ్మల్లేకుండా ఒట్టి అక్షరాలతో నడిచే ఆట మీద ఈ కాలం పిల్లాడికి మోజు పుట్టడమే వింత. క్లయింట్ అంటే ఆట నడిచే దూరపు కంప్యూటర్‌ను మన దగ్గర నుంచి తాకే ప్రోగ్రామ్. ఒక పేరు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆ పేరు ఏదన్న దాని మీద ఆటగాళ్లు ముప్పై ఏళ్లుగా కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట మూలం ఆటలో లేదు, టెల్నెట్ అనే పాత ప్రోగ్రామ్‌లో ఉంది.

మడ్ అంటే మల్టీ యూజర్ డంజియన్. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో 1978లో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టాడు, తర్వాత రిచర్డ్ బార్టిల్ అందుకున్నాడు. అప్పుడు క్లయింట్ అన్న మాటే లేదు. యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్‌కు తగిలించిన టెర్మినల్ ముందు కూర్చుని ఆడేవాళ్లు. 1989లో టైనీమడ్, ఎల్‌పీమడ్, 1991లో కోపెన్‌హేగన్ విద్యార్థుల డీకూమడ్ వచ్చేసరికి ఆట ఇంటర్నెట్‌కెక్కింది. దూరపు కంప్యూటర్‌ను తాకడానికి అందరి దగ్గరా ఉన్న ప్రోగ్రామ్ టెల్నెట్. దాంతోనే ఆడారు.

టెల్నెట్ ఆట కోసం పుట్టింది కాదు. ఆ బాధ నేను 2001లో హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక నెట్ సెంటర్‌లో పడ్డాను. విండోస్ 98లో టెల్నెట్ ఉండేది, డౌన్‌లోడ్ అక్కర్లేదు, అదొక్కటే సుఖం. "గాబ్లిన్‌ను కొట్టు" అన్న కమాండ్ సగం టైప్ చేస్తానో లేదో, "నిన్ను గాబ్లిన్ కొట్టింది" అని అవతలి నుంచి నాలుగు లైన్లు వచ్చి నా మాట మధ్యలో దూరేవి. తెర మీద నా కమాండ్ రెండు ముక్కలు. ఏం కొట్టానో, ఎంతవరకు కొట్టానో తెలియక మళ్లీ మొదటి నుంచి కొట్టేవాణ్ణి, ఈలోగా ప్రాణం పోయేది. నెట్ సెంటర్ అన్న ఒకసారి వెనక నిలబడి చూసి, "గిది గేమా తమ్మీ? అన్నీ రాతలే గదా!" అన్నాడు. దానికి గంటకింతని డబ్బులెందుకు కడుతున్నానో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

క్లయింట్లు పుట్టింది ఈ చిన్న చిరాకు తీర్చడానికే. వచ్చే అక్షరాలకు పైన చోటు, మనం టైప్ చేసేదానికి కింద విడిగా ఒక గడి. యూనిక్స్ మీద కెన్ కీస్ పెంచిన టైనీఫ్యూగ్ పని అదే. 1992లో వచ్చిన టింటిన్, దాని మీద పెరిగిన టింటిన్ ప్లస్ ప్లస్ కూడా ఆ కాలపువే. అయితే గడి వేసి ఊరుకోలేదు. పొడుగు కమాండ్‌కు పొట్టి పేరు పెట్టుకునే అలియాస్ వచ్చింది. ఫలానా లైన్ కనబడితే ఫలానా పని చెయ్ అనే ట్రిగ్గర్ వచ్చింది.

అసలు రచ్చ ట్రిగ్గర్‌తోనే. "నీకు ఆకలిగా ఉంది" అన్న లైన్ రాగానే రొట్టె తినేలా ట్రిగ్గర్ పెట్టుకున్నాననుకోండి. పక్కనున్న కొంటె ఆటగాడు ఆ మాటే గట్టిగా అంటాడు, నా పాత్ర రొట్టె తింటుంది. పదిసార్లు అంటే సంచి ఖాళీ. లైన్ మొదటి అక్షరం నుంచే సరిపోలాలి అని ట్రిగ్గర్‌కు కట్టుబాటు పెడితే ఈ మోసం చాలావరకు ఆగుతుంది, ఎందుకంటే పక్కవాడి మాట ముందు వాడి పేరు పడుతుంది. మనిషి లేకుండా ట్రిగ్గర్లే ఆడేయడం మొదలయ్యాక చాలా మడ్‌లు దాన్ని నిషేధించాయి. ఆటగాడికీ యంత్రానికీ మధ్య గీత ఎక్కడన్నది ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది.

1995లో విండోస్ మీద రెండు క్లయింట్లు వచ్చాయి: మైక్ పాటర్ చేసిన జీమడ్, ఆస్ట్రేలియాలో నిక్ గామన్ చేసిన మష్‌క్లయింట్. జీమడ్ నడిచిన దారిని తనే మ్యాపుగా గీసేది. మాకు అదొక అద్భుతం. నేను ఆడే కాలానికి రెండూ డబ్బు కట్టాల్సినవే. తర్వాత మష్‌క్లయింట్ ఉచితమై, దాని సోర్స్ కోడ్ కూడా బయటికొచ్చింది.

నా మటుకు తేడా అంతా ఇక్కడే. మష్‌క్లయింట్ మన ట్రిగ్గర్లను మామూలు టెక్స్ట్‌గా, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో దాస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. టింటిన్ ఫైల్ కూడా అంతే. జీమడ్ మాత్రం తన సొంత రకం ఫైల్‌లో దాచేది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవలేం. నేను రెండేళ్లు కూర్చి పెట్టిన ట్రిగ్గర్ల ఫైల్ ఒక ఫ్లాపీలో మా అమ్మ బీరువాలో ఉంది. డ్రైవ్ దొరికినా నోట్‌ప్యాడ్‌తో పని కాదు.

మధ్యలో ఆటను నడిపే సర్వర్ వైపు కూడా మార్పులొచ్చాయి. అక్షరాలను కుదించి పంపే ఎంసీసీపీ 1998లో వచ్చింది, డయలప్ వాళ్లకు అది వరం. తర్వాత జీఎంసీపీ వచ్చి, ప్రాణం ఎంత మిగిలింది లాంటి లెక్కలను అక్షరాల వెనక విడిగా పంపసాగింది. ఇవన్నీ క్లయింట్‌కు అర్థమైతేనే పనికొస్తాయి. విండోస్ విస్టా నుంచి టెల్నెట్ తనంతట తాను ఆన్‌లో ఉండటం కూడా మానేసింది. 2008లో మొదలైన మడ్‌లెట్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా ఉచితంగా నడుస్తుంది. స్క్రిప్టులకు మష్‌క్లయింట్‌లాగే లూవా అనే ప్రోగ్రామింగ్ భాష వాడొచ్చు, అయినా ఒకదాని స్క్రిప్టు ఇంకోదాంట్లో ఉన్నదున్నట్టు నడవదు.

చూపు లేని ఆటగాళ్లకు ఈ ఎంపిక సరదా విషయం కాదు. తెర మీది మాటల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో క్లయింట్ కలవకపోతే ఆటే లేదు. వాళ్లలో చాలామంది ప్లగిన్లు, అంటే అదనపు ముక్కలు, పెట్టుకుని మష్‌క్లయింట్‌నే పట్టుకుని ఉన్నారు. పాతబడిందని దాన్ని ఎగతాళి చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

మనకు ఇంకో చిక్కుంది. ఈ లోకమంతా ఒక అక్షరానికి ఒక గడి అన్న లెక్క మీద కట్టింది. "స్త్రీ" కంటికి ఒకటే అక్షరం, అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఆరు ముక్కలు, వాటిని దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో 18 బైట్లు. గీతలతో గీసిన మ్యాపు పక్కన తెలుగు పేరు పెడితే గోడలు జరుగుతాయి. ఏ క్లయింట్ పెట్టుకున్నా ఈ బాధ పూర్తిగా పోదు.

మావాడికి రెండు చెప్పాను: ల్యాప్‌టాప్‌లో మడ్‌లెట్, ఫోన్‌లో టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ మీద టింటిన్ ప్లస్ ప్లస్. వాడు ఫోన్‌తోనే మొదలుపెట్టాడు. "మామా, గోడకు కొట్టుకుంటున్న, ఉత్తరానికి ఏం టైప్ చెయ్యాలె?" అని రాత్రి పదకొండింటికి మెసేజ్. ఎన్ కొట్టమన్నాను.