ఓపెన్ సోర్స్ రిలీజ్ అంటే ఏమిటి? కొన్ని అపోహలు, నేను చూసిన వాస్తవాలు

తెలుగు టెక్స్ట్‌ని శుభ్రం చేసే ఒక చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) పైథాన్ లైబ్రరీకి ఆరేళ్లుగా నేను మెయింటెయినర్‌ని, అంటే దాన్ని చూసుకుంటూ కొత్త వెర్షన్లు విడుదల చేసేవాణ్ణి. పగలు మాదాపూర్‌లో ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక మియాపూర్‌లో ఇంట్లో ఈ పని. మొన్నామధ్య ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లి పిల్లలతో మాట్లాడాను. కోడ్ రాస్తే చాలు, మిగతాదంతా దానంతటదే జరిగిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. ఆ మిగతాదే నా పని. వాళ్లకు అక్కడ పూర్తిగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: టెస్టులు పాసైతే రిలీజ్‌కి ఒక ట్యాగ్ (వెర్షన్ గుర్తు) పెడితే చాలు

నేనూ అలాగే అనుకున్నాను. మూడేళ్ల కిందట ఒక పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు కలుపుకోండి అని బయటివాళ్లు పంపే కోడ్) వచ్చింది. నాలుగే లైన్లు. టెక్స్ట్‌లో కంటికి కనిపించని అక్షరాలు ఏవైనా ఉంటే తీసేస్తుంది. టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. చిన్న బగ్ ఫిక్సే కదా అని 1.4.1ని 1.4.2 చేసి, అందరూ పైథాన్ లైబ్రరీలు దించుకునే పైపీఐలో పెట్టేసి పడుకున్నాను.

పొద్దున్నే వరంగల్ నుంచి ఒక కుర్రాడు ఇష్యూ (ఫిర్యాదు) తెరిచాడు. వాళ్ల సైట్‌లో 'హైదరాబాద్‌లో' అని వెతికితే ఒక్క వార్తా రావట్లేదు. ఆ మాటలో ద్‌కీ లోకీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉంటుంది. ద్ పొల్లుగా నిలబడేది దానివల్లే. అది తీసేస్తే మాట 'హైదరాబాద్లో' అయిపోయి, ద కింద ల వత్తు వచ్చి చేరుతుంది. వాళ్ల ఇండెక్స్‌లో (వెతకడానికి దాచుకున్న మాటల జాబితాలో) మాట పాత రూపంలో ఉంది, వెతికే మాట మా లైబ్రరీ గుండా వచ్చి కొత్త రూపంలోకి మారిపోయింది. రెండూ కలవలేదు. "అన్నా, చివరి అంకె ఒక్కటే మారింది కదా అని ధైర్యంగా అప్‌డేట్ చేశాను" అని రాశాడు. ఆ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అతను అనుకున్నది న్యాయమే. సెమాంటిక్ వెర్షనింగ్ అనే నంబర్ల పద్ధతి ప్రకారం చివరి అంకె మారితే బగ్ ఫిక్స్ మాత్రమే, మధ్య అంకె మారితే పాతదాన్ని చెడగొట్టని కొత్త సౌకర్యం, మొదటి అంకె మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చు. వెర్షన్ నంబర్ అంటే ముక్కూమొహం తెలియని మనిషికి మనం ఇచ్చే మాట. వాడేవాళ్లు పెరిగేకొద్దీ, మనం డాక్యుమెంటేషన్‌లో రాయని ప్రవర్తన మీద కూడా ఎవరో ఒకరు ఆధారపడతారు. ప్రోగ్రామర్లు దీన్ని హైరమ్స్ లా అంటారు.

ఆ రోజే మార్పు వెనక్కి తీసి 1.4.3 ఇచ్చాను. పైపీఐలో ఒకసారి పెట్టిన ఫైల్‌ని తీసేసినా, అదే పేరుతో మళ్లీ పెట్టనివ్వరు. 'యాంక్' చేస్తే, అంటే వాడొద్దని గుర్తు పెడితే, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు ఆ వెర్షన్ తగలదు గానీ, కచ్చితంగా 1.4.2 కావాలని రాసుకున్నవాళ్లకు అదే వెళ్తుంది. అప్పటినుంచి ప్రతి రిలీజ్‌కీ వారం ముందు రిలీజ్ క్యాండిడేట్ (పరీక్షించి చూడటానికి ఇచ్చే ముందస్తు వెర్షన్) వదులుతున్నాను. తెలుగు వికీపీడియా వ్యాసాల కట్ట ఒకటి దాచుకున్నాను. దాన్ని పాత వెర్షన్‌తోనూ కొత్త వెర్షన్‌తోనూ నడిపి, తేడా వచ్చిన ప్రతి మాటనూ కళ్లతో చూస్తాను. ఒక్కోసారి రెండు రాత్రులు పడుతుంది.

అపోహ: అందరూ చూసే కోడ్ కాబట్టి తప్పు దాగదు

చూడగలగడం వేరు, చూడటం వేరు. ఇంటర్నెట్‌లో డేటాను రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2012 మార్చిలో విడుదలైన 1.0.1తో బయటికొచ్చింది. లోకానికి తెలిసింది 2014 ఏప్రిల్‌లో. రెండేళ్లపాటు అది అందరి కళ్లముందే ఉంది.

ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా భయపెడుతుంది. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉండే కంప్రెషన్ టూల్ అది, ఏళ్లతరబడి ప్రధానంగా ఒకే మనిషి మోశాడు. ప్యాచ్‌లు (చిన్న సవరణలు) పంపుతూ నమ్మకం సంపాదించిన ఒక అకౌంట్‌కు రిలీజ్‌లు చేసే అధికారం దక్కింది. ఈలోగా వేరే పేర్లతో కొందరు, పని నెమ్మదిగా సాగుతోందని, బాధ్యత ఇంకొకరికి ఇవ్వమని ఆ మెయింటెయినర్‌ని ఒత్తిడి చేశారు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) దూరింది. దాన్ని పనిచేయించే ముక్క ఒకటి అందరూ కోడ్ చూసే గిట్‌లో లేనే లేదు, జనం దించుకునే టార్ ఫైల్‌లో (కోడ్ మూటలో) మాత్రమే ఉంది. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానమొచ్చి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వితే మార్చి 29న బయటపడింది.

ఆ ఒత్తిడి మెసేజ్‌లు చదివినప్పుడు నాకు కడుపులో తిప్పింది. అలసిపోయి ఉన్న రాత్రి నాకు అలాంటివి వస్తే నేనూ తాళాలు ఇచ్చేసేవాణ్ణేమో. ఇప్పుడు మా రిలీజ్ ఫైళ్లు నా ల్యాప్‌టాప్‌లో తయారవవు. గిట్ ట్యాగ్ నుంచి సీఐ మెషీన్ (కోడ్‌ని తనంతట తానే పరీక్షించి తయారుచేసే సర్వర్) తయారుచేస్తుంది, ఇద్దరం ఓకే అంటేనే పైపీఐకి వెళ్తుంది.

అపోహ: పుల్ రిక్వెస్ట్ తిప్పి పంపితే అది పొగరు

కష్టపడి రాసినవాళ్లకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు. ఒకతను తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చే సౌకర్యం రాసి పంపాడు. బాగా రాశాడు. అయినా వద్దన్నాను. కోడ్‌ని కలుపుకునే మెర్జ్ బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ కోడ్‌లో వచ్చే ప్రతి బగ్ నాదే, రాసినవాళ్లు ఉద్యోగం మారినా పెళ్లి చేసుకున్నా సరే. మా లైబ్రరీ చేసే పని అది కాదని వివరంగా రాసి, దాన్ని విడి ప్యాకేజీగా పెట్టమని సూచించాను. వద్దనడం కంటే ఆరు నెలలు జవాబివ్వకుండా వదిలేయడం పెద్ద తప్పు. అదీ చేశాను ఒకప్పుడు.

అపోహ: పాత వెర్షన్లను ఎప్పటికీ చూసుకోవాలి

పోస్ట్‌గ్రెస్ అంత పెద్ద ప్రాజెక్టే ఒక మేజర్ వెర్షన్‌ని ఐదేళ్లు చూసుకుని ఆపేస్తుంది. పైథాన్ 2కు 2020 జనవరి 1న సపోర్ట్ ముగిసింది, ఆ సంగతి ఏళ్లముందే చెప్పారు. ఆపడంలో తప్పు లేదు, తేదీ ముందే చెప్పాలి.

అపోహ: కోడింగ్ రానివాళ్లకు ఇక్కడ పని లేదు

మా ప్రాజెక్టుకు అందిన గొప్ప సాయం వనస్థలిపురంలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారిది. ఆయనకు గిట్ అంటే ఏమిటో తెలియదు. పాత పుస్తకాల్లో అరసున్న, బండి ఱ ఉన్న మాటలు మా లైబ్రరీ ఎక్కడెక్కడ పాడుచేస్తోందో కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. వాటిని ఒక్కొక్కటిగా టెస్టులుగా మార్చుకుంటాను. ఇష్యూలకు జవాబు చెప్పడం, చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) అర్థమయ్యేలా రాయడం, క్యాండిడేట్‌ని సొంత డేటా మీద నడిపి చూడటం కూడా కోడింగ్ అక్కర్లేని ఇలాంటి పనులే.

మాస్టారు పంపిన చివరి జాబితాలో 41 మాటలున్నాయి. ఆరు ఇంకా ఫెయిలవుతున్నాయి. అవి సరిగ్గా వచ్చేదాకా 2.0 బయటికి రాదు.