రోడ్డు మీద షో, లోపల సీక్రెట్ టెస్టింగా? రేసింగ్ కార్ల ప్రదర్శనలపై అపోహలు - వాస్తవాలు

2023 మార్చిలో ముంబై బాంద్రాలో మాజీ రేసర్ డేవిడ్ కూల్తార్డ్ రెడ్ బుల్ టీము ఫార్ములా వన్ కారు తిప్పాడు. ఆ వీడియో మా మేనల్లుడు నాకు పంపి, కింద ఒక ప్రశ్న పెట్టాడు. "మామయ్యా, పైకి ప్రచారం అంటారు గానీ, ఇలాంటి షోల్లో కొత్త పార్టులు పెట్టి చాటుగా టెస్ట్ చేసుకుంటారటగా?"

నేను రేసింగ్ టీముల్లో డేటా ఇంజనీరుని. కారులోని సెన్సర్లు పంపే లెక్కలు చదివి, ఎక్కడ ఏం జరుగుతోందో చెప్పడం నా పని. ఎక్కువగా ఫార్ములా వన్ కంటే కింది స్థాయి సిరీస్‌లలోనే చేశాను. పాత ఫార్ములా వన్ కార్ల ప్రదర్శనలకు మాత్రం చాలాసార్లు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లాను. వాడి ప్రశ్న తెలివితక్కువది కాదు. ఫార్ములా వన్‌లో 2009 నుంచి సీజన్ మధ్యలో టెస్టింగ్‌ను దాదాపు కట్టడి చేశారు. అంతకుముందు డబ్బున్న టీములు రేసుకీ రేసుకీ మధ్య రోజుల తరబడి ట్రాక్ మీదే ఉండేవి. ఆకలితో ఉన్నవాడు పక్కింటి పెళ్లి భోజనం వైపు చూడడా మరి?

అపోహ: షోలో తిరిగేది ఈ ఏడాది రేసు కారే

చాలాసార్లు కాదు. బాంద్రాలో తిరిగింది ఆర్‌బీ7, అంటే 2011 నాటి కారు. రంగులు, స్టిక్కర్లు కొత్తవి వేస్తారు కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. పాత కారు తేవడానికి మొదటి కారణం మోత. ఆ రోజుల్లో 2.4 లీటర్ల వీ8 ఇంజన్ నిమిషానికి 18,000 చుట్ల వరకు తిరిగేది. ఆ అరుపు వినడానికే జనం వస్తారు. 2014 నుంచి వచ్చిన హైబ్రిడ్ ఇంజన్లకు అంత గొంతు లేదు. పైగా వాటిలో హై వోల్టేజ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని చూసుకోవడానికి వేరే మనుషులు, వేరే జాగ్రత్తలు కావాలి. పదిహేను నిమిషాల తమాషాకి ఆ టెన్షన్ ఎవరు పడతారు?

పన్నెండేళ్ల నాటి కారు మీద ఈ ఏడాది కారు రెక్క (వింగ్) బిగించడం కుదరదు. కుదిరినా దాని నుంచి నేర్చుకునేదేమీ లేదు.

అపోహ: ఏ కారైనా, ఎక్కడ తిప్పినా, ఎంతో కొంత డేటా వస్తుంది కదా

డేటా వస్తుంది, నిజమే. పనికొచ్చేది రాదు.

ఒక ప్రదర్శన అయ్యాక నేను తెరిచిన ఫైలు చెబుతాను. నగరం మధ్యలో ఒక కిలోమీటరు రోడ్డు, రెండు చివర్లా డోనట్లు, అంటే కారును ఉన్నచోటే గిర్రున తిప్పి పొగ లేపడం. డ్రైవర్ ఎక్కువసేపు మొదటి, రెండో గేర్లలోనే ఉన్నాడు. క్లచ్ వేడి ఆకాశాన్ని అంటింది. వెనక టైర్లు కాలిపోయాయి, ముందు టైర్లు చల్లగా ఉన్నాయి. సస్పెన్షన్ గీతలు చూస్తే మనిషికి జ్వరం వచ్చి వణుకుతున్నట్టు ఉన్నాయి. మ్యాన్‌హోల్ మూతలు, స్పీడ్ బ్రేకర్ తీసేసిన చోట మిగిలిన ఎత్తుపల్లాలు, తెల్ల పెయింటు గీతలు, అన్నీ అందులో కనబడ్డాయి. ఆ నగరపు రోడ్ల శాఖకు ఆ ఫైలు ఉపయోగపడేదేమో గానీ మాకు కాదు.

రేసు కారు బలమంతా గాలిలో ఉంటుంది. రెక్కలు, కారు అడుగుభాగం కలిసి కారును నేలకు నొక్కుతాయి. ఆ నొక్కుడు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఎంత ఉంటుందో, 240 దగ్గర దానికి 9 రెట్లు ఉంటుంది. వీధిలో 80 వేగంతో తిరుగుతూ కొత్త రెక్క ఎలా ఉందో చూడటమంటే, పెళ్లి ఊరేగింపులో గుర్రాన్ని నడిపించి పందెంలో గెలుస్తుందో లేదో చెప్పడమే. పైగా రోడ్డు గతుకులకు అడుగు తగలకుండా కారును మామూలుకంటే ఎత్తు పెంచి తెస్తాం. నేటి కార్లలో అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ కొన్ని మిల్లీమీటర్లు మారితే లెక్కలన్నీ మారిపోతాయి. ఎత్తు పెంచిన మరుక్షణమే ఆ కారు రేసు కారు కాకుండా పోతుంది.

టైర్ల సంగతి ఇంకా ముఖ్యం. ప్రదర్శనల కోసం ఫార్ములా వన్‌కు టైర్లు ఇచ్చే పిరెల్లీ కంపెనీ ప్రత్యేకంగా వేరే టైర్లు తయారుచేసి ఇస్తుంది. రేసు టైర్లు వాడటానికి వీల్లేదు. కారుకూ నేలకూ మధ్య ఉండేది టైరు ఒక్కటే. అదే వేరైతే ల్యాప్ సమయానికి, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయానికి, అర్థం లేదు. ఇక దూరం. ఈ ఏడాది కారుతో చేసే ప్రదర్శనకు నియమం ఇచ్చేది 15 కిలోమీటర్లు. ఇంగ్లండ్‌లో గుడ్‌వుడ్ ఉత్సవంలో కార్లు ఎక్కే కొండ దారి మొత్తం 1.86 కిలోమీటర్లే, రెండు పక్కలా గడ్డి మోపులు. అక్కడ డ్రైవర్ ఆలోచన కారు పగలకుండా పైకి చేర్చడం గురించే ఉంటుంది.

అసలు టెస్ట్ అంటే ఒకే పనిని విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేయడం. అదే ట్రాక్, అంతే ఇంధనం, అవే టైర్లు, మార్చేది ఒక్కటే. ముందు పాత పార్టుతో కొన్ని ల్యాపులు, తర్వాత కొత్తదానితో, మళ్లీ పాతదానితో. చూస్తే నిద్రొస్తుంది. షోలో అలా చేస్తే జనం టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారు.

ఇదంతా చెబితే మావాడు ఊరుకోలేదు. "మరి 2023లో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అదే ఎలక్ట్రిక్ కార్ల రేసు, రోడ్డు మీదే జరిగిందిగా?" అన్నాడు. మంచి పాయింటే. కానీ ఆ 2.83 కిలోమీటర్ల దారిని రేసు కోసం సిద్ధం చేశారు. గోడలు కట్టి, తనిఖీ చేసి, ట్రాక్‌గా ఆమోదం తెచ్చుకున్నారు. మొనాకో వీధుల్లో జరిగే ఫార్ములా వన్ రేసు కూడా అంతే. రోడ్డు అయినందుకు పనికిరాదని నేను అనలేదు. ఒక సాయంత్రం ట్రాఫిక్ ఆపి బారికేడ్లు పెట్టిన రోడ్డు పనికిరాదు అంటున్నాను.

అపోహ: అంటే ప్రచారం పేరుతో టెస్టింగ్ అసలు జరగదన్నమాట

ఇది మొదటిదానికంటే పెద్ద అపోహ. జనం వీధి షోల వైపు చూస్తూ అసలైన చోటును వదిలేస్తారు. దాని పేరు ఫిల్మింగ్ డే.

ప్రకటనల కోసం వీడియోలు తీసుకోవడానికి టీముకు ఏడాదికి రెండు రోజులు ఇస్తారు. అసలైన ట్రాక్ మీద, ఈ ఏడాది కారుతోనే. మొదట రోజుకు 100 కిలోమీటర్లు ఉండేది, 2024 నుంచి 200 చేశారు. టైర్లు ఇక్కడా ప్రదర్శన టైర్లే. అయినా 200 కిలోమీటర్లంటే ఒక గ్రాండ్ ప్రీ, అంటే పూర్తి రేసు, దూరంలో సుమారు మూడింట రెండు వంతులు. ఫెరారీ సొంత ట్రాక్ ఫియొరానోలో అయితే 60 ల్యాపులు దాటుతాయి.

ఇక్కడ దొరికేది వేగం కాదు, రెండు వేరే విషయాలు. కొత్త కారు నీళ్లు కారకుండా, తీగలు కాలకుండా తిరుగుతోందా అన్నది మొదటిది. ఫిబ్రవరిలో చాలా టీములు కొత్త కారును మొదటిసారి నడిపేది ఫిల్మింగ్ డే రోజునే. రెండోది మేం కొరిలేషన్ అనే వ్యవహారం. గాలి సొరంగంలో, అంటే ఫ్యాన్లతో గాలి వీచి కారు ఆకారాన్ని పరీక్షించే గదిలో, పెట్టే బొమ్మ అసలు కారు సైజులో 60 శాతం మించకూడదు, గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటకూడదు. ఆ బొమ్మ చెప్పిందీ, కంప్యూటర్ చెప్పిందీ అసలు కారు మీద నిజమవుతోందా? ఇది తెలియక సీజన్లకు సీజన్లు పోగొట్టుకున్న టీములున్నాయి. టైరు వేరైనా, కారు అడుగున గాలి పీడనం అనుకున్నట్టు ఉందో లేదో కొన్ని ల్యాపుల్లోనే తెలిసిపోతుంది.

ఇందులో రహస్యం కూడా లేదు. 2025 జులైలో ఫెరారీ ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌లో ఫిల్మింగ్ డే పెట్టుకుని కొత్త వెనక సస్పెన్షన్‌ను నడిపి చూసింది. ఆ టీము డ్రైవర్లు హామిల్టన్, లెక్లెర్ ఇద్దరూ నడిపారు. తర్వాత బెల్జియం రేసుకు దాన్ని తెచ్చింది. అంతకుముందు 2020 అక్టోబర్‌లో రెనో టీము బార్సిలోనాలో అలొన్సోను ఇలాగే 100 కిలోమీటర్లు తిప్పింది. రెండేళ్ల విరామం తర్వాత తిరిగొస్తున్న డ్రైవర్‌కు అవి కెమెరా కోసం తిరిగిన ల్యాపులు మాత్రమే అంటే ఎవరు నమ్ముతారు?

నా అభిప్రాయం అడిగితే ఇది మోసం కాదు. పరీక్షలో ఇచ్చిన అడిషనల్ షీటు రెండు వైపులా రాయడం లాంటిది.

పాత కార్ల టెస్టింగ్ అని ఇంకో దారి కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం కార్లతో, అప్పట్లో రేసులో వాడిన పార్టులతోనే నడపాలి. డబ్బున్న టీములు దీన్ని డ్రైవర్ల సాధనకు తెగ వాడేస్తుంటే, 2025లో ఏడాదికి 20 రోజులని, అందులో రేసు డ్రైవర్లకు 1,000 కిలోమీటర్లని గీత గీశారు.

అపోహ: గుట్టుగా చేస్తే ఎవరికీ తెలియదు

2013లో మెర్సిడెస్ ఆ ఏడాది కారునే నడిపిన కథ చూడండి. స్పెయిన్ రేసు అయ్యాక మే 15 నుంచి 17 వరకు బార్సిలోనాలోనే ఉండి, పిరెల్లీ టైర్ల టెస్ట్ పేరుతో ఆ సీజన్ కారుతోనే సుమారు 1,000 కిలోమీటర్లు తిరిగింది. అప్పటి మెర్సిడెస్ డ్రైవర్లు హామిల్టన్, రోస్‌బర్గ్ తమ గుర్తులున్న హెల్మెట్లు కాకుండా నల్ల హెల్మెట్లు పెట్టుకున్నారు. పది రోజులు తిరిగేసరికి మొనాకోలో విషయం బయటపడింది. రెడ్ బుల్, ఫెరారీ ఫిర్యాదు చేశాయి. పారిస్‌లో, ఫార్ములా వన్ నియమాలు చూసే ఎఫ్ఐఏ సంస్థ ట్రిబ్యునల్ విచారించి, దురుద్దేశం లేదంటూనే మెర్సిడెస్‌నూ పిరెల్లీనీ మందలించింది. ఆ జులైలో యువ డ్రైవర్ల టెస్ట్‌కు మెర్సిడెస్ రాకుండా చేసింది. నా దృష్టిలో తక్కువ శిక్షే.

ఖాళీ ట్రాక్ మీద మూడు రోజుల వ్యవహారమే దాగలేదు. వేలమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్న వీధిలో కొత్త పార్టు దాచడమా? పోటీ టీముల్లో ఇలాంటి ఫొటోలు పెద్దవి చేసి చూడటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లున్నారు.

డబ్బు గురించి ఒక్క మాట. టీము ఏడాదికి ఇంతకు మించి ఖర్చు చేయకూడదని ఫార్ములా వన్‌లో బడ్జెట్ పరిమితి ఉంది. ప్రచార ఖర్చు అందులోకి రాదు. అందుకే ఇంజనీరింగ్ ఖర్చును షో ఖాతాలో రాసుకోవాలని ఎవరికైనా బుద్ధి పుట్టవచ్చు. కానీ లెక్కలు చూసేవాళ్లున్నారు. 2021లో పరిమితి దాటినందుకు రెడ్ బుల్ 70 లక్షల డాలర్ల జరిమానా కట్టి, గాలి సొరంగం సమయంలో 10 శాతం పోగొట్టుకుంది. అది షోల వ్యవహారం కాదు గానీ, రసీదులు ఎంత లోతుగా తిరగేస్తారో చెబుతుంది.

మా మేనల్లుడు ఇప్పుడు డోనట్ల వీడియోలు పంపడం మానేశాడు. ముజెల్లో ఫొటోలు నేను చూడకముందే వాడి దగ్గర్నుంచి వచ్చాయి, వెనక చక్రం దగ్గర ఎర్ర గీతతో గుండ్రంగా చుట్టి. కింద ఒకే మాట. "మామయ్యా, ఇదేనా?"