ఇంటి ధర 1991లోనే ఆగిపోయిన దేశం

ఇంగ్లండ్‌లో ఏ ఇంటికి ఎంత పన్ను కట్టాలో తేల్చడానికి ఇప్పటికీ చూసేది ఒక్కటే: 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు అమ్మితే ఎంత పలికేదని. ఆ తేదీ తర్వాత కట్టిన ఇళ్లకూ అదే లెక్క. అప్పటికే ఈ ఇల్లు ఉండి ఉంటే ఎంత పలికేదో అంచనా వేసి, ఏ నుంచి హెచ్ వరకు ఉన్న ఎనిమిది బ్యాండ్లలో ఒకదాంట్లో వేస్తారు. 1991 ధరల్లో 3,20,000 పౌండ్లు దాటిన ప్రతి ఇల్లూ హెచ్ బ్యాండే. దాని పైన ఇంకో మెట్టు లేదు. ఇవాళ ఆ ఇల్లు ఇరవై లక్షల పౌండ్లు పలికినా, రెండు కోట్ల పౌండ్లు పలికినా, ఒకే కౌన్సిల్ (స్థానిక సంస్థ) పరిధిలో ఉంటే పన్ను ఒక్కటే. లండన్ నడిబొడ్డున వెస్ట్‌మిన్‌స్టర్‌లో హెచ్ బ్యాండ్ భవనానికి కట్టే కౌన్సిల్ ట్యాక్స్, ఈశాన్య తీరంలోని హార్టిల్‌పూల్‌లో డి బ్యాండ్ మామూలు ఇంటికి కట్టేదానికన్నా తక్కువ.

ఈ అన్యాయం అందరికీ తెలుసు. ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 1991 నుంచి మేజర్, బ్లెయిర్, బ్రౌన్, కామెరాన్, మే, జాన్సన్, ట్రస్, సునాక్, స్టార్మర్ ప్రధానులుగా వచ్చారు. వీళ్లలో ఎవరూ ఇంగ్లండ్‌లో ఆ ధరలను సవరించలేదు. బ్రిటన్ జనం ఇవాళ రెండు విషయాల మీద విసిగిపోయి ఉన్నారు. ఒకటి పార్టీల కొట్లాట, రెండోది కొందరి దగ్గరే పోగుపడిన ఆస్తి. ఈ రెంటినీ విడివిడిగా చర్చించడం అక్కడ అలవాటు. నాకు మాత్రం రెండూ ఒకే కథలా కనిపిస్తాయి. ఆ కథ ఇళ్ల చుట్టూ తిరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో లేబర్ పార్టీ ఘన విజయం సాధించింది. క్లెమెంట్ అట్లీ ప్రధాని అయ్యాడు. 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక చూపిన దారిలో సామాజిక భద్రత వచ్చింది. 1948 జూలై 5న ఉచిత వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. కన్సర్వేటివ్‌లు తిరిగి అధికారంలోకి వచ్చాక కూడా వీటిని కూల్చలేదు. పైగా ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కడతామని మాటిచ్చి, 1953లో కట్టి చూపించారు. వాటిలో ఎక్కువ భాగం కౌన్సిళ్లు కట్టి అద్దెకిచ్చిన ఇళ్లే. అప్పుడూ పార్టీలు తిట్టుకునేవి, కాకపోతే ఎవరు ఎక్కువ ఇళ్లు కట్టారన్నది వాటి మధ్య పెద్ద పందెం. 1970ల చివరికి బ్రిటన్‌లో దాదాపు మూడో వంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలో ఉండేవి.

ఆ దశకంలోనే ధరలు మండిపోయాయి. 1975లో ద్రవ్యోల్బణం 24 శాతం దాటింది. 1976లో ప్రభుత్వం ఐఎంఎఫ్ దగ్గర అప్పు కోసం చేయి చాచింది. 1978-79 చలికాలమంతా సమ్మెలు సాగాయి. 1979లో కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ గెలిచింది.

ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు ఆమె రాకముందు 83 శాతం. మొదటి బడ్జెట్‌లోనే దాన్ని 60కి, 1988లో 40కి తగ్గించారు. అదే మొదటి బడ్జెట్‌లో అందరూ కట్టే వ్యాట్‌ను మాత్రం 8 నుంచి 15 శాతానికి పెంచారు. 1984-85లో ఏడాది పాటు సాగిన గని కార్మికుల సమ్మె ఓడిపోయింది, గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆదాయంలో అసమానతను కొలిచే గినీ సూచీ 1979లో 0.25 దగ్గర ఉండేది. 1990కి 0.34 దగ్గరికి చేరింది. అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా అది దాదాపు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

అన్నిటికన్నా లోతుగా పనిచేసింది 1980 నాటి హౌసింగ్ చట్టం. కౌన్సిల్ ఇంట్లో మూడేళ్లు అద్దెకున్నవాళ్లు అదే ఇంటిని 33 శాతం తగ్గింపుతో కొనుక్కోవచ్చు. ఎన్నేళ్లు ఎక్కువ ఉంటే అంత తగ్గింపు, మొదట్లో 50 శాతం దాకా. దీన్ని నేను చెడ్డ ఆలోచన అనను. జీవితమంతా అద్దె కట్టిన బస్ డ్రైవరు తన గుమ్మానికి తనకు నచ్చిన రంగు వేసుకోగలిగాడు. ఆ ఆనందాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. తప్పు తర్వాతి అడుగులో జరిగింది. అమ్మగా వచ్చిన డబ్బులో ఎక్కువ భాగాన్ని కొత్త ఇళ్ల మీద ఖర్చు పెట్టనివ్వకుండా ప్రభుత్వం కౌన్సిళ్ల చేతులు కట్టేసింది. కాలక్రమంలో ఇంగ్లండ్‌లో దాదాపు ఇరవై లక్షల ఇళ్లు అమ్ముడుపోయాయి. వాటి స్థానంలో కట్టినవి చాలా తక్కువ. కొన్నవాళ్లు, వాళ్ల వారసులు తర్వాత అమ్ముకున్న ఇళ్లు చాలా చోట్ల ప్రైవేటు యజమానుల చేతికి వెళ్లాయి. ఒకప్పుడు ప్రభుత్వమే కట్టించిన ఇంట్లో అద్దెకుండే పేదవాడికి ఇప్పుడు ప్రభుత్వమే అద్దె సాయం ఇస్తుంది, ఆ డబ్బు యజమాని జేబులోకి వెళుతుంది.

ఇల్లున్నవాళ్లు, లేనివాళ్లు అన్న గీత అక్కడ పడింది. ఆ గీతను పన్నుల్లో శాశ్వతం చేసినవి మాత్రం అల్లర్లు. ఇంటి విలువతో సంబంధం లేకుండా ఒక కౌన్సిల్ పరిధిలో పెద్దవాళ్లంతా తలకింతని కట్టాలంటూ థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పోల్ ట్యాక్స్ తెచ్చింది. 1990 మార్చి 31న దానికి వ్యతిరేకంగా చెలరేగిన అల్లర్లలో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ తగలబడినంత పనైంది. అదే ఏడాది నవంబరులో ఆమె దిగిపోయింది. ఆ గండం గట్టెక్కడానికి జాన్ మేజర్ ప్రభుత్వం హడావిడిగా కౌన్సిల్ ట్యాక్స్ తయారుచేసింది. ధర కట్టేవాళ్లు చాలా వీధుల్లో కారు దిగకుండానే బయటి నుంచి చూసి బ్యాండ్ రాసేశారు. 1993లో అమలైన ఆ బ్యాండ్లే నేటికీ ఇంగ్లండ్‌కు ఆధారం.

1997లో వచ్చిన టోనీ బ్లెయిర్ లేబర్ ప్రభుత్వం కింది వాళ్లకు ఏమీ చేయలేదంటే అబద్ధం. 1999లో గంటకు 3.60 పౌండ్లతో కనీస వేతనం తెచ్చింది. పిల్లల పేదరికం తగ్గింది. కానీ పైవాళ్ల ఆస్తి జోలికి వెళ్లకూడదన్నది ఆ ప్రభుత్వ నియమం. పన్నులు సరిగ్గా కడితే చాలు, ఎవరు ఎంత సంపాదించినా మాకు ఇబ్బంది లేదని బ్లెయిర్ సన్నిహితుడు పీటర్ మాండెల్సన్ 1998లో బాహాటంగానే అన్నాడు. 2007 నాటికి ఇళ్ల ధరలు మళ్లీ కట్టాలని లేబర్ అనుకుంది. అంతకుముందే 2005లో వేల్స్‌లో కొత్త ధరలు అమల్లోకి వచ్చి, మూడో వంతు ఇళ్లు పై బ్యాండ్‌కు వెళ్లాయి. జనం మండిపడ్డారు. అది చూసి లండన్ ప్రభుత్వం ఇంగ్లండ్ సవరణను వాయిదా వేసింది. తేనెతుట్టెను కదపడం ఎందుకని ఆ తర్వాత మరెవరూ దాని దగ్గరికి వెళ్లలేదు. 1997లో ఇంగ్లండ్‌లో సగటు ఇల్లు ఏడాది జీతానికి మూడున్నర రెట్లు ఉండేది. ఇప్పుడు ఎనిమిది రెట్ల దరిదాపుల్లో ఉంది.

2008లో బ్యాంకులు కూలినప్పుడు ఒక్క ఆర్‌బీఎస్ (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్)లోనే ప్రభుత్వం 4,550 కోట్ల పౌండ్లు పోసింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కొత్తగా డబ్బు సృష్టించి బాండ్లు కొనడం మొదలుపెట్టింది. కొవిడ్ నాటికి ఆ మొత్తం 89,500 కోట్ల పౌండ్లకు చేరింది. దీనివల్ల షేర్లు, బాండ్లు, ఇళ్ల ధరలు పెరిగాయి. ఇళ్లను, పింఛను నిధులను పక్కన పెడితే, ఆర్థిక ఆస్తుల్లో 40 శాతం పైనున్న 5 శాతం కుటుంబాల దగ్గరే ఉందని 2012లో ఆ బ్యాంకే చెప్పింది. అంటే ఎవరి దగ్గర ఉందో వాళ్లకే ఇంకొంత చేరింది. 2009లో ఎంపీల ఖర్చుల బాగోతం బయటపడింది. ఇంటి కందకం శుభ్రం చేయించుకోవడానికి, చెరువులో బాతులకు గూడు కట్టించడానికి కూడా బిల్లులు పెట్టిన సంగతి చదివి జనం రగిలిపోయారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన కామెరాన్ ప్రభుత్వం పొదుపు పేరుతో లైబ్రరీలకు, యువజన కేంద్రాలకు, పేదల భత్యాలకు కోత పెట్టింది. ధనికుల గరిష్ఠ పన్నును 50 నుంచి 45 శాతానికి తగ్గించిన 2013 ఏప్రిల్‌లోనే, కౌన్సిల్ ఇంట్లో ఒక గది ఎక్కువుందని పేదల అద్దె సాయాన్ని తగ్గించింది. పేదలకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ట్రస్సెల్ ట్రస్ట్ ఆహార బ్యాంకులు 2010-11లో ఇచ్చిన పార్సిళ్లు 61 వేలు, 2023-24లో 31 లక్షలు. ఈ మధ్యలో వాటి కేంద్రాలూ చాలా పెరిగాయి, నిజమే. అవసరం లేకపోతే అన్ని కేంద్రాలు తెరిచేవాళ్లే కారు.

ఇంత జరిగితే ఓటరు ఎందుకు తిరగబడలేదు? తిరగబడ్డాడు. 2016 బ్రెగ్జిట్ ఓటులో 51.9 శాతం యూరోపియన్ యూనియన్‌ను వదిలేద్దామన్నారు. ఆ కోపంలో వలస గురించిన భయం ఉంది, అబద్ధపు ప్రచారం ఉంది, మూతపడిన గనుల పట్టణాల బాధ కూడా ఉంది. అయితే ఆ ఓటు వల్ల ఒక్క ఇంటి బ్యాండూ మారలేదు.

మామూలు ఎన్నికల్లో తిరగబడటం ఇంకా కష్టం. అక్కడా మనలాగే నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుస్తారు. నిజానికి మనం తెచ్చుకున్నదే అక్కడి పద్ధతి. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో 39 శాతం ఓట్లకు 175లో 11 సీట్లే రావడం మనం చూశాం. సరిగ్గా నెల తర్వాత బ్రిటన్‌లో రిఫార్మ్ యూకే పార్టీకి 41 లక్షల ఓట్లు, 5 సీట్లు వచ్చాయి. 35 లక్షల ఓట్లు తెచ్చుకున్న లిబరల్ డెమోక్రాట్లకు 72 సీట్లు. లేబర్ 97 లక్షల ఓట్లతో 650లో 411 గెలిచింది. ఇదే పార్టీ 2019లో కోటీ రెండు లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకుని చిత్తుగా ఓడింది. ఓటు వేసినవాళ్లే 60 శాతం లోపు. ఇలాంటి లెక్కలో పోటాపోటీగా ఉన్న సీట్లే ముఖ్యం. అక్కడ తప్పకుండా పోలింగ్‌కు వచ్చేది సొంతిల్లు ఉన్న పెద్ద వయసువాళ్లు. వాళ్లకు కోపం తెప్పించే పని ఏ పార్టీ చేస్తుంది? ఈ ఎన్నికల పద్ధతి మారుద్దామా అని 2011లో ప్రజాభిప్రాయ సేకరణలో అడిగితే 68 శాతం వద్దన్నారు. అప్పుడు రెండు పెద్ద పార్టీల్లో ఒకటి గట్టిగా వ్యతిరేకించింది, మరొకటి రెండుగా చీలింది.

ఇక పార్టీ లోపల. పేద కుటుంబంలో ఇద్దరు పిల్లలకు మించి భత్యం ఇవ్వకూడదన్న నిబంధన 2017లో వచ్చింది. దాన్ని ఎత్తేయాలన్న సవరణకు ఓటేసినందుకు 2024 జూలైలో ఏడుగురు లేబర్ ఎంపీలను స్టార్మర్ పార్టీ బృందం నుంచి సస్పెండ్ చేశాడు. 2025 నవంబరు బడ్జెట్‌లో అదే ప్రభుత్వం అదే నిబంధనను ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఈ రెంటి మధ్య గడిచిన పదహారు నెలలు ఆ పిల్లల జీవితంలోవి. దేశం కన్నా పార్టీకే ప్రభుత్వాలు పెద్దపీట వేస్తాయా అన్న ప్రశ్న బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో చాలా ఏళ్లుగా ఉంది. ప్రభుత్వాలు దేశాన్ని ముందు పెడతాయని దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 2024లో వెలువడిన ఫలితాల్లో 45 శాతం. అప్పటికి అదే రికార్డు.

అదే 2025 బడ్జెట్‌లో, 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్లకు 2028 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,500 నుంచి 7,500 పౌండ్ల అదనపు పన్ను ప్రకటించారు. మంచిదే. అందుకోసం ఖరీదైన ఇళ్లకు మాత్రం కొత్త ధర కడతారు. మిగతా కోట్ల ఇళ్లు 1991లోనే ఉంటాయి.

మన పిల్లలకూ ఇందులో పాత్ర ఉంది. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. విద్యార్థులకు కూడా. పేరు నమోదు చేసుకుంటే చాలు, పోలింగ్ కేంద్రంలో భారత పాస్‌పోర్టే గుర్తింపు కార్డుగా చెల్లుతుంది. లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక్కో గదిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటూ, అద్దె ఎలా కట్టాలా అని టెన్షన్ పడే తెలుగు విద్యార్థుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఫుల్‌టైమ్ చదువుతున్నన్నాళ్లు వాళ్లకు కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు. చదువు ముగిసి ఉద్యోగంలో చేరి వేరే ఇల్లు తీసుకున్నాక మొదటి బిల్లు తలుపు కింద నుంచి లోపలికి వస్తుంది. దాని మీద బ్యాండ్ అని ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరానికి ఆధారమైన ధర, వాళ్లలో చాలామంది పుట్టకముందే ఓ ఏప్రిల్ ఒకటిన ఖాయమైంది.