బాలామృతంలో చక్కెర: తగవు వెనుక శివారు పల్లెల ఉప్మా

అంగన్‌వాడీల్లో చిన్నపిల్లలకు ఇచ్చే బాలామృతం పొడిలో చక్కెర ఉండాలా వద్దా అన్న వాదన మళ్లీ మొదలైంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఎంత బలమైన తిండి పెడితే అంత మంచిదని ఒక పక్షం అంటుంది. అలా త్వరత్వరగా ఒళ్లు చేసిన పిల్లలే పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బుల పాలవుతారని రెండో పక్షం హెచ్చరిస్తుంది. ఇద్దరూ బ్రిటిష్ వైద్య పరిశోధకుడు డేవిడ్ బార్కర్‌నే సాక్షిగా పిలుస్తారు. తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని చూపిన ఆయన 1989 నాటి పరిశోధన, 1996లో మైసూరులో కనిపించిన అదే ధోరణి ఈ విషయం తెలిసినవారికి కొత్తవి కావు. ఇప్పటి తగవుకు పనికొచ్చే సంగతి మాత్రం హైదరాబాద్ పొలిమేరలోనే జరిగింది.

1987-90 మధ్య తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నగరం చుట్టుపక్కల 29 పల్లెలను ఎంచుకుంది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం అప్పటికి అన్ని ఊళ్లకూ చేరలేదు. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా మిశ్రమాన్ని సోయా నూనెతో వండిన ఉప్మా అది. గర్భిణి వంతులో దాదాపు 20 గ్రాముల ప్రోటీన్ ఉండేది. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. పిల్లల పుట్టుక బరువు పెరుగుతుందా అన్నదే నాటి ప్రశ్న. పెరిగింది, కానీ సగటున 60 గ్రాములకు అటూ ఇటూ. అంతటితో ఫైలు మూసేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

మూయలేదు. 2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. ఆ పిల్లలప్పుడు 13-18 ఏళ్లవారు. 1,165 మందిని పరీక్షించారు. పరగడుపున రక్తం తీశారు. మణికట్టు దగ్గర నాడి తరంగాన్ని నమోదు చేసి, ధమనులు ఎంత బిరుసుగా ఉన్నాయో లెక్కగట్టారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. గుండెజబ్బు ముప్పుకు సూచిక అయిన ధమనుల బిరుసు కూడా కొంత తక్కువే. ఒంట్లో కొవ్వు విషయంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తిండి పెడితే లావెక్కి జబ్బుపడతారన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

రక్తపోటులో, రక్తంలోని కొవ్వుల్లో తేడా కనిపించలేదన్నది కూడా చెప్పాలి. పైగా ఆ 15 ఊళ్లకు ఉప్మాతోపాటు టీకాలు, ఇతర ఆరోగ్య సేవలు కూడా అందాయి. ఘనతంతా ఉప్మాదేనని ఎవరైనా అంటే సందేహించాల్సిందే.

రెండో పక్షం చేతిలో ఉన్నది ఢిల్లీ అధ్యయనం. 1969-72 మధ్య పుట్టినవారిని 26-32 ఏళ్ల వయసులో పరీక్షించి 2004లో ప్రచురించారు. దాన్ని సగమే చదివి చెబుతున్నారు. పెద్దయ్యాక రక్తంలో చక్కెర అదుపు తప్పినవారు రెండేళ్ల వరకు బక్కగా ఉన్నారు, ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా తోటివారికంటే వేగంగా ఒళ్లు చేశారు. అలాగని పన్నెండేళ్లకు వారిని ఎవరూ స్థూలకాయులు అనరు, చూపుకు మామూలు పిల్లలే. అంటే ముప్పు తొలి రెండేళ్ల ఎదుగుదలలో లేదు, ఆ వయసు దాటాక వచ్చే పరుగులో ఉంది. హైదరాబాద్ ఫలితానికీ దీనికీ వైరం ఎక్కడుంది?

గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెకు చక్కెర జోడించి తయారుచేస్తూ వచ్చిన బాలామృతాన్ని ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు ఇస్తారు. ఢిల్లీ చూపిన రెండేళ్ల గీతకు ఇరువైపులా ఒకే పొట్లం. ఆ గీతకు ఇవతల, ఆరో నెల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు, చక్కెర ఎక్కువున్న ఆహారం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. పొడిలో ప్రోటీన్, నూనె తగ్గించమని మాత్రం ఈ అధ్యయనాల్లో ఏదీ చెప్పలేదు. ఇక గర్భిణుల భోజనం, పాలు, గుడ్డు కోసం తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం ఊసు ఈ తగవులో రెండు పక్షాలూ ఎత్తడం లేదు. శివారు పల్లెల్లో ఉప్మా పిల్లలతోపాటు గర్భిణులకూ అందింది.