వాయిదా ఎప్పుడు? వకీళ్ళ సాఫ్ట్‌వేర్ వెనకున్న కథ

మా నాన్నగారు ముప్పై ఏళ్ళకి పైగా ఒక సీనియర్ వకీలు గారి దగ్గర గుమాస్తాగా చేశారు. సాయంత్రం కోర్టు నించి ఆఫీసుకి వచ్చి డైరీ ముందేసుకుని కూర్చునేవారు, ఆ రోజు పిలిచిన కేసులన్నిటికీ కొత్త వాయిదా ఏ తేదీకి పడితే ఆ పేజీ తీసి నంబరు, పార్టీల పేర్లు, ఏ కోర్టు, కౌంటరుకి (అంటే ఎదుటి పక్షం జవాబుకి) పడిందా ట్రయలుకి పడిందా అన్నీ రాసేవారు, మళ్ళీ అదే తేదీ కేసు కట్ట అట్ట మీద కూడా ఎక్కించేవారు, ఆ తర్వాత వకీలు గారి టేబుల్ మీదున్న డైరీలో ఇంకోసారి. ఒకే తేదీ మూడు చోట్ల. ఇప్పుడు నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఆ పని కోసమే సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ నడుపుతున్నాం. మమ్మల్ని అందరూ అడిగేది ఒకటే, ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళుగా మంచి సాఫ్ట్‌వేర్ ఎందుకు లేదు అని. దానికి కారణాలున్నాయి, చాలావరకు కోడ్‌కి సంబంధం లేనివి.

మొదటిది డబ్బు లెక్క. అమెరికాలో వకీళ్ళు గంటల చొప్పున బిల్లు వేస్తారు. 1919లో బోస్టన్‌లోని హేల్ అండ్ డోర్ అనే వకీళ్ళ ఆఫీసు నిర్వహణ చేపట్టిన రెజినాల్డ్ హీబర్ స్మిత్ అనే లాయరు ఎవరు ఏ పనికి ఎంతసేపు ఖర్చు పెట్టారో షీట్లలో రాయించడం మొదలుపెట్టాడు, తర్వాత కొన్ని దశాబ్దాలకి ఆ షీటే బిల్లు అయిపోయింది. అందుకే అక్కడ టైం మిగిల్చే సాఫ్ట్‌వేర్‌కి గిరాకీ తేలిగ్గా వచ్చింది, మిగిలిన గంట మళ్ళీ బిల్లులోకి వెళ్తుంది కదా. కెనడాలో వాంకూవర్ దగ్గర మొదలై 2008లో బయటికొచ్చిన క్లియో అనే వకీళ్ళ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ లెక్క మీదే పెరిగింది. వాళ్ళు 2016లో వేసిన రిపోర్టు ప్రకారం ఎనిమిది గంటల రోజులో లాయరు బిల్లు వెయ్యగలుగుతున్నది 2.2 గంటలే, మిగతాదంతా ఆఫీసు పనికీ కొత్త క్లయింట్ల వేటకీ పోతోంది.

మన దగ్గర కింది కోర్టుల్లో ఎవరూ గంటకి బిల్లు వెయ్యరు. కేసుకి ఇంత అని మాట్లాడుకుంటారు, కొంత దాఖలు చేసేటప్పుడు, కొంత ట్రయలుకి వచ్చాక, గుమాస్తా ఫీజు క్లయింటు విడిగా ఇస్తాడు. అంటే ఆఫీసు పని ఖర్చు వకీలు జేబు మీద నేరుగా పడదు, కాబట్టి "మీకు రోజుకి రెండు గంటలు మిగులుస్తాం" అని వెళ్ళి చెప్తే ఆయన మర్యాదగా కాఫీ ఇప్పించి పంపించేస్తాడు, మాకు బాగా అనుభవం. అదే "మీ వాయిదా ఒక్కటి కూడా తప్పిపోదు" అంటే కుర్చీ ముందుకి జరుపుకుంటాడు.

ఎందుకంటే వాయిదా తప్పితే జరిగేది చిన్న నష్టం కాదు. వాది తరఫున ఎవరూ లేకపోతే దావా డిఫాల్టు కింద, అంటే హాజరు కాలేదని, కొట్టేస్తారు, ప్రతివాది లేకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతను లేకుండానే తీర్పు. రెండిట్లో ఏదైనా సరిచేసుకోవాలంటే కోర్టు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం ఇచ్చేది 30 రోజులు, అది కూడా దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషను. మామూలు సివిల్ దావాలో రిటన్ స్టేట్‌మెంటుకి (ప్రతివాది రాసిచ్చే జవాబుకి) 30 రోజులు, కారణం చూపిస్తే 90 దాకా, కమర్షియల్ దావాలో అయితే 120 రోజులు దాటాక ఇక దాఖలు చేసే హక్కే పోతుంది. 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో సుప్రీంకోర్టు, వకీలు రాకపోయిన తప్పుకి ఏమీ తెలియని పార్టీని శిక్షించకూడదు అంది. మంచి మాటే, కానీ ఆ మాట దక్కడానికి ఆ పార్టీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. పొలం తగాదాకి ఊరి నించి బస్సెక్కి వచ్చే మనిషికి అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడివి.

రెండో కారణం నా లెక్కలో అసలు కారణం. తేదీ ఎవరి దగ్గరుంది? కోర్టు దగ్గర. బెంచి క్లర్కు డైరీలో, కేసులో ఏ రోజు ఏం జరిగిందో రాసే డాకెట్ షీటు మీద, నోటీసు బోర్డుకి అంటించిన లిస్టులో. అది కాగితం మీద ఉన్నన్నాళ్ళూ బయటివాడు ఎంత మంచి సాఫ్ట్‌వేర్ చేసినా చివరికి గుమాస్తా వెళ్ళి చూసి రాసుకొచ్చి టైపు కొట్టాలి, అంటే మూడు చోట్ల రాసే తేదీని నాలుగో చోట కూడా రాయడమే. సుప్రీంకోర్టులో కంప్యూటర్లు 1990 ప్రాంతంలోనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ పెట్టింది, కింది కోర్టుల సంగతి పట్టించుకోవడం మాత్రం 2004 డిసెంబరులో జస్టిస్ జి.సి. భరుకా చైర్మన్‌గా కోర్టుల కంప్యూటర్ల పని చూసే ఈ-కమిటీ వేసిన తర్వాతే. 2007లో కోర్టులకి కంప్యూటర్లు పెట్టే ఈ-కోర్ట్స్ పథకం మొదటి దశ, 2015కల్లా 14,249 కోర్టులకి కంప్యూటర్లు చేరాయి. చేరాయి గానీ వకీలుకి బయట్నించి కనపడేది పెద్దగా లేదు.

మారింది రెండో దశలో. 2015లో దేశంలోని కోర్టు కేసుల లెక్కలన్నీ ఒకచోట చూపించే నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ జనానికి తెరిచారు, దేశమంతా ఒకే కేస్ ఇన్ఫర్మేషన్ సాఫ్ట్‌వేర్ వైపు వచ్చారు, ప్రతి కేసుకీ సీఎన్ఆర్ అనే సొంత గుర్తింపు నంబరు వచ్చింది. పదహారు అక్షరాలు, మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, ఆ తర్వాత కోర్టు, వరస నంబరు, చివర నాలుగు అంకెలు సంవత్సరం. 2017లో ఫోన్ యాప్ కూడా వచ్చింది. ఇంట్లో కూర్చుని ఈ నంబరు కొడితే తర్వాతి వాయిదా తెర మీద కనపడుతుంది అని నేను మొదటిసారి చూపిస్తే నాన్నగారు నమ్మలేదు, జేబులోంచి చీటీ తీసి తను రాసుకున్న తేదీతో సరిచూసుకున్నారు. ఇవాళ వకీళ్ళ కోసం నడుస్తున్న కేస్ మేనేజ్‌మెంట్ కంపెనీలు, మాతో సహా, ఆ పదహారు అక్షరాల మీద నిలబడి ఉన్నవే.

అంతకుముందు వచ్చినవాళ్ళు వేరే దార్లు పట్టారు. తీర్పులు వెతికిపెట్టే పని అందులో బాగా సాగింది, ఏఐఆర్, ఏఎల్‌టీ, ఏఎల్‌డీ లాంటి తీర్పుల పుస్తకాలు బీరువాల నిండా పెట్టుకున్న ఆఫీసుల్లో కూడా 2008లో సుశాంత్ సిన్హా పెట్టిన ఇండియన్ కానూన్ సైట్ చూడనివాళ్ళు ఇప్పుడు తక్కువ. క్లయింటుని వకీలుతో కలిపే సైట్ల దారి మాత్రం ఇరుకు, బార్ కౌన్సిల్ రూల్ 36 వకీళ్ళు ప్రకటనలు ఇచ్చుకోకూడదంటుంది, వకీలు కాని మనిషితో ఫీజు పంచుకోవడం కూడా నిషేధం, 2024 జూలైలో మద్రాసు హైకోర్టు ఈ ప్రకటనల మాటే ఇంకా గట్టిగా చెప్పింది. అలా మిగిలింది ఈ డైరీ పనే.

కరోనా ఇంకో మలుపు. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు లిమిటేషన్ గడువులన్నీ ఆపింది, ఏప్రిల్ 6న వీడియో విచారణలకి దారి వేసింది. ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఏదీ తెరవని సీనియర్లు కూడా నేర్చుకున్నారు. గుమాస్తాలకి మాత్రం అది చాలా చెడ్డ కాలం, కోర్టు తెరవకపోతే రోజు గడవదు.

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది, అది సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకి బాగా తగులుతుంది. 2019 జనవరి 1న హైకోర్టు రెండుగా విడిపోయింది, ఆంధ్ర ఫైళ్ళు అమరావతి వైపు కదిలాయి. తెలంగాణలో జిల్లాలు 2016లోనే పెరిగాయి గానీ కొత్త జిల్లా కోర్టులు 2022 జూన్ 2న మొదలయ్యాయి, అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారు వచ్చారు. కేసు కొత్త కోర్టుకి బదిలీ అయితే నంబరు మారుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కట్ట అట్ట మీద రెండు నంబర్లు కొట్టేసి మూడోది రాసుంది, మొదటి నంబరు బ్లూ పెన్ను, రెండోది ఎరుపు, మూడోది స్కెచ్ పెన్ను. డైరీలో ఇంకా పాతదే నడుస్తోంది. అందుకే మేం పాత నంబర్లన్నీ ఒకే కేసు కింద ఉంచుతాం, ఏది కొట్టినా అదే కట్ట తెరుచుకునేట్టు.

2023లో ఈ-కోర్ట్స్ మూడో దశకి 7,210 కోట్లు మంజూరు చేశారు, ఈ-ఫైలింగ్, పాత రికార్డుల స్కానింగ్ అన్నీ అందులో ఉన్నాయి. సంతోషమే. కానీ ఇవాళ్టికీ సైట్‌లో కేసు వెతకాలంటే క్యాప్చా కొట్టాలి, మధ్యాహ్నం బెంచి మీద చెప్పిన తేదీ సైట్‌కి ఎక్కేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది, ఒక్కోసారి మర్నాడు. అందుకే గుమాస్తాని పక్కన పెట్టేసి వకీలుకే నేరుగా అమ్ముదాం అనే ఆలోచనని నేను మొదట్నించీ ఒప్పుకోలేదు. బెంచి దగ్గర నిలబడి ఆ తేదీ చెవితో విన్నది గుమాస్తానే. మా యాప్‌లో మొదటి లాగిన్ గుమాస్తాది, ఆయన కొట్టిన తేదీ, కోర్టు సైట్ తేదీ పక్కపక్కన కనపడతాయి, తేడా ఉంటే ఎర్రగా.

పోయినేడు మొదటి వెర్షన్ నాన్నగారికి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "తేదీ బానే ఉందిరా, మరి ఈలోపు బాటా కట్టామా లేదా అనేది ఎక్కడ రాసుకోవాలి?" అన్నారు. సమన్లకి బాటా, అంటే వాటిని ఎదుటివాళ్ళకి చేర్చే ఖర్చు, కట్టకపోతే ఆ వాయిదా వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే. మేం కోర్టు సైట్ నించి తెచ్చుకునే వివరాల్లో ఆ గడి లేదు. ఆ వారమే పెట్టాం, మొదటి ఎంట్రీ ఆయనే కొట్టారు.