కుక్కకాటుకు టీకా వేయించాక సీరం ఎందుకు? అపోహలు – వాస్తవాలు

"మొదటి రోజే టీకా వేయించాం కదా డాక్టరు గారూ, మళ్లీ గాయంలో సీరం ఎందుకు?" కుక్కకాటు విభాగంలో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. టీకా పడిన క్షణం నుంచే రక్షణ మొదలవుతుందన్న ఈ నమ్మకమే అన్ని అపోహల్లోకీ ప్రమాదకరమైనది.

టీకా ద్వారా మనం పంపేది నిర్వీర్యం చేసిన రేబిస్ వైరస్‌ను. దాన్ని గుర్తుపట్టి, రోగనిరోధక వ్యవస్థలోని బి-కణాలు చాలినన్ని యాంటీబాడీలను తయారుచేయడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా గాయంలోని వైరస్ నాడుల్లోకి ప్రవేశించిందంటే రోగనిరోధక వ్యవస్థ దృష్టికి దాదాపుగా రాదు. మెదడుకు చేరి లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడటం అత్యంత అరుదు. ఒంట్లో ఎంత శక్తి ఉన్నవారికైనా ఇంతే. అందుకే, చర్మం చీరుకుపోయేలా పళ్లు దిగినప్పుడు, ముందే సిద్ధం చేసిన యాంటీబాడీలైన సీరంను గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తాం. మొదటి డోసు పడి 7 రోజులు దాటితే, శరీరం సొంతంగా యాంటీబాడీలను తయారుచేసుకుంటూ ఉంటుంది కనుక, సీరం ఇవ్వం. గతంలో పూర్తి కోర్సు వేయించుకున్నవారిలో జ్ఞాపక కణాలు వెంటనే స్పందిస్తాయి. వారికి సీరం లేకుండా 0 (మొదటి డోసు వేసే రోజు), 3 రోజుల్లో రెండు డోసులు చాలు.

చెంప మీద కాటు పడిన పాపను తీసుకొచ్చిన ఒక తండ్రి, ముఖం మీద మాత్రం సూది వద్దని, మిగతా డోసులన్నీ తప్పకుండా వేయిస్తానని బతిమాలారు. కన్నవారికి అది చూడలేని బాధే. కానీ ముఖానికి మెదడు దగ్గర, పైగా అక్కడ నాడులు ఎక్కువ. అదంతా నెమ్మదిగా వివరించాక ఆయనే పాపను ఒడిలో పట్టుకుని కూర్చున్నారు.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు గొర్రె మెదడు కణజాలంతో చేసిన పాత టీకా నాటి మాట. ఇప్పుడు చేతికి, పసిపిల్లలకైతే తొడకు వేస్తారు. టీటీ ఇంజెక్షన్ రేబిస్‌ను ఆపదు. గర్భిణులు, బాలింతలు కూడా ఈ టీకా వేయించుకోవాలి, పథ్యం అక్కర్లేదు. కుక్కను 10 రోజులు గమనించడం మంచిదే కానీ, అందుకోసం టీకాను వాయిదా వేయకూడదు. గాయానికి కారం, సున్నం, ఆకు పసరు పూయమని చెప్పేవారి మాట దయచేసి వినకండి.

కరిచిన వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. దగ్గరి ఆసుపత్రిలో సీరం లేకపోతే మొదటి డోసు అక్కడే వేయించుకుని, సీరం కోసం అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.