తాళ్లన్నీ చేతికందేలా

చిరంజీవులకు,

పడవలో ఒక్కడివే ఉన్నప్పుడు గాలి ముదిరితే తెరచాప ఎలా తగ్గిస్తావు తాతయ్యా అని అడిగారుగా. మొదట్లో చుక్కాని కట్టేసి, ఊగే డెక్ (పడవ పైతలం) మీద పాకుతూ మాస్ట్ దాకా, అంటే చాప ఎత్తే నిలువు స్తంభం దాకా వెళ్లేవాణ్ణి. చాపను ఎత్తే తాడు, అదే హాల్యార్డ్, అక్కడే కట్టి ఉండేది మరి. ఆ సంగతి తలచుకుంటే మీ అమ్మమ్మ ఇప్పటికీ తిడుతుంది.

తర్వాత తాళ్లను కూర్చునే చోటికి, కాక్‌పిట్‌లోకి తెచ్చుకున్నాను. పైనుంచి దిగిన తాడు మాస్ట్ మొదట్లో కప్పీ మీద మళ్లి, కేబిన్ కప్పు మీదుగా వచ్చి క్లచ్‌లో దూరుతుంది. కారు క్లచ్ కాదర్రా! మీట నొక్కితే తాడును కరిచిపట్టే బిగింపు.

అయితే ప్రతి మలుపూ మన బలం కొంత తినేస్తుంది. మొదటిరోజు చాప సగం ఎక్కి ఆగింది, వదిలితే దిగనూ లేదు. బేరింగ్ ఉన్న కప్పీలు వేశాకే దారికొచ్చింది. పైగా 100 కిలోల బలంతో లాగిన తాడు 90 డిగ్రీలు మళ్లితే కప్పీ మీద పడేది సుమారు 141 కిలోలు. అందుకే స్క్రూలు చాలవు, డెక్ కిందిదాకా బోల్టులు దింపాలి.

ఆ రంధ్రాల దగ్గరే నేను తప్పు చేశాను. నా డెక్ లోపల బాల్సా చెక్క ఉంది. రంధ్రాల్లోంచి దానికి నీళ్లు పట్టి, రెండేళ్లకు బోల్టు విప్పితే తడిసిన పొట్టు చేతికొచ్చింది. రంధ్రం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ అనే జిగురు నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు తొలవాల్సింది.

అన్ని తాళ్లూ తేనక్కర్లేదు. చాప కుదించాలంటే హాల్యార్డ్ సడలించాలి, చాప ముందువైపు మూలనూ, వెనకవైపు మూలనూ తాళ్లతో కిందికి లాగాలి. ఈ మూడూ మాత్రం ఒక్కచోటే ఉండాలి. సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటే పాత పద్ధతే నయం. 1960లో అట్లాంటిక్ ఒంటరి పందెంలో బ్లాండీ హాస్లర్ అనే నావికుడు తన చిన్న పడవ ‘జెస్టర్’కు చైనా తరహా చాప కట్టి, తాళ్లన్నీ ఒక్క ద్వారం దగ్గరికే తెచ్చుకున్నాడు. 48 రోజుల్లో రెండో స్థానంలో చేరాడు.

నేను తాళ్లకు రంగులు పెట్టుకున్నాను. ఒక రాత్రి కంగారులో తప్పు క్లచ్ ఎత్తి చాపంతా నెత్తిన వేసుకున్నాను. చీకట్లో ఎరుపేది, పచ్చేది? ఇప్పుడు హాల్యార్డ్ మీటకు దారం చుట్టాను, తడిమితే తెలుస్తుంది. ఈసారి వచ్చినప్పుడు కళ్లు మూసుకుని వెతుకుదురుగాని.

మీ తాతయ్య